మోగని అలారం

"మూడు నెలల్లో ఒక్కసారి కూడా అలారం మోగలేదా? నేను నమ్మను" అంటూ తనిఖీకి వచ్చిన మేడమ్ ఫైలు మూసేసింది.

"నమ్మకపోతే ఎలాగండీ? నేనొచ్చాక సర్వర్లు బుద్ధిగా ఉంటున్నాయి" అన్నాడు ఇంజనీరు కుర్చీలో వెనక్కి వాలుతూ. అబ్బో, ఆ మాట అనేటప్పుడు అతని మొహం చూడాలి!

ఆస్పత్రిలో అందరూ అతన్ని పచ్చదీపం అంటారు. అతని బల్ల మీది తెరలో రెండు దీపాలుంటాయి, ఒక్కో సర్వర్‌కి ఒకటి. సర్వర్ బాగుంటే పచ్చ, పడిపోతే ఎరుపు. ఎవరు ఎప్పుడు తొంగి చూసినా పచ్చే. రోగుల రిపోర్టులు, మందుల చీటీలు, రక్తం గ్రూపులు అన్నీ దాచే డేటాబేస్ ఆ రెండు సర్వర్ల మీదే నడుస్తుంది. ఒకటోది పనిచేస్తుంటే రెండోది అక్షరం పొల్లుపోకుండా అంతా రాసుకుంటూ ఉంటుంది. ఒకటోది పడిపోతే ఆ క్షణమే పని అందుకుంటుంది. అలారం వెంటనే ఇంజనీరు ఫోనుకి కాల్ చేసి, పడింది ఏదో చెబుతుంది.

ఈ రోజు మేడమ్ సంతకం పెడితే అతని ఉద్యోగం పర్మనెంటు. పెట్టకపోతే రేపట్నుంచి ఇంటిపట్టునే.

"మీకు ముందున్నాయనకి వారానికి నాలుగుసార్లు మోగేదని ఇక్కడ రాసుంది" అంది మేడమ్.

పక్కనే నిలబడ్డ పెద్ద డాక్టరు నవ్వాడు. ఆస్పత్రికి పెద్ద తలకాయ ఆయనే. "ఆయన వీళ్ళ మామగారేనండీ. రిటైరయ్యారు. పాపం, అన్నం ముందు కూర్చున్నా ఫోను మోగేది."

"మా మామగారిది పాతకాలం పద్ధతండీ" అన్నాడు పచ్చదీపం. "చీమ చిటుక్కుమంటే పరిగెత్తేవారు. మొన్న భోజనాల దగ్గర చెప్పాను కూడా, చూశారా మామయ్యగారూ, మీ పదేళ్ళ బెడద మూణ్ణెల్లలో వదిలించేశాను అని. ఆయన తలెత్తకుండా తిని లేచారు. మా ఆవిడ మాత్రం రెండు రోజులు నాతో మాట్లాడలేదు."

డాక్టరు మళ్ళీ నవ్వాడు. మేడమ్ నవ్వలేదు.

"అసలు ఆ అలారం పనిచేస్తోందో లేదో ఎప్పుడైనా చూశారా?"

"ఒంట్లో బాగున్నవాణ్ణి ఎవరైనా ఆస్పత్రికి తీసుకొస్తారా మేడమ్?"

"తీసుకొస్తారయ్యా, ఏడాదికోసారి పరీక్షలకి" అన్నాడు డాక్టరు మెల్లగా.

"అయితే ఆ పరీక్ష ఇప్పుడే చేద్దాం. ఒకటో సర్వర్ ఆపేయండి" అంది మేడమ్.

డాక్టరు నవ్వు ఆగిపోయింది. "ఇప్పుడా? కింద రెండొందలమంది రోగులున్నారండీ!"

"మీ చేత్తోనే ఆపండి సార్" అని పచ్చదీపం లేచి అద్దాల తలుపు తీశాడు. "ఏమన్నా అయితే నా పేరు మార్చుకుంటా."

లోపల చలి, ఫ్యాన్ల హోరు. డాక్టరు ఒకటో సర్వర్ బటన్ మీద వేలు పెట్టి, కళ్ళు మూసుకుని, గట్టిగా నొక్కి పట్టుకున్నాడు. ఆ సర్వర్ ఫ్యాన్లు ఆగిపోయాయి. బయట తెర మీద ఒక దీపం ఎర్రబడింది. ముగ్గురూ బయటికొచ్చారు. డాక్టరు ఆత్రంగా కింద కౌంటరుకి ఫోన్ చేశాడు.

"ఏమ్మా, కంప్యూటర్లు నడుస్తున్నాయా?"

"నడవకేం? ఎవరండీ మీరు? లైన్లో నలభైమంది ఉన్నారు, తర్వాత చెయ్యండి!" అని అవతల ఫోన్ పెట్టేశారు.

డాక్టరుకి ప్రాణం లేచొచ్చింది. పచ్చదీపం చేతులు కట్టుకుని మేడమ్ వైపు చూశాడు.

"రెండోది అందుకుంది, సరే. మరి అలారం ఏది?" అంది ఆమె గడియారం చూసుకుంటూ.

"వస్తుందండీ."

ఒక నిమిషమైంది. ఫోను బల్ల మీద చప్పుడు చెయ్యకుండా పడుంది. రెండో నిమిషం కూడా అయిపోయింది. పచ్చదీపం దాన్ని కాస్త దగ్గరికి లాక్కున్నాడు.

ఇంతలో అద్దాల వెనక ఫ్యాన్లు గుర్రుమన్నాయి. తెర మీది ఎర్రదీపం రెండుసార్లు మినుకుమని పచ్చగా మారింది. ఆగిపోయిన సర్వర్ దానంతటదే లేచింది!

"నేను ముట్టుకోలేదండోయ్!" అని డాక్టరు రెండు చేతులూ పైకెత్తాడు.

పచ్చదీపం కూడా ముట్టుకోలేదు. ఒక్క క్షణం నోరు తెరిచాడు. ఆ తెరిచిన నోటిని వృథా పోనివ్వలేదు.

"చూశారా మేడమ్! పడినా దానంతటదే లేస్తుంది. అలా ఏర్పాటు చేశాను నేను. ఇక అలారంతో పనేముంది?"

"భలే! ఎలా చేశారు?" అని అడిగింది మేడమ్.

"అదంతా చెబితే మీకు అర్థం కాదులెండి."

"నేను చదివింది అదే. చెప్పండి" అంది మేడమ్ కుర్చీ ముందుకు జరుపుకుని.

పచ్చదీపం గొంతు సవరించుకున్నాడు. సరిగ్గా అప్పుడే, ఎవరో పంపినట్టు, అతని ఫోను మోగింది.

"అదిగో అలారం!" అన్నాడు ఎగిరి గంతేసినంత పనిచేసి. "కొంచెం ఆలస్యమైనా మోగిందా లేదా? ఇంకేం కావాలండీ?"

మేడమ్ పెన్ను మూత తీసింది. డాక్టరు ఇంజనీరు భుజం తట్టాడు. పచ్చదీపం ఫోను వైపు చూడనైనా చూడకుండా స్పీకర్ నొక్కి, ఇద్దరికీ వినపడేలా బల్ల మధ్యలో పెట్టాడు.

"అల్లుడుగారూ, ఒకటో సర్వర్ మళ్ళీ పడిందని నా ఫోనుకి అలారమొచ్చింది. ఎప్పటిలాగే ఇంట్లోంచే లేపేశాను గానీ, మీకు పుణ్యముంటుంది, మీరు మాత్రం దాన్ని ముట్టుకోకండి!"