నంబరు లేని ఇళ్లు

జనవరి 12, సోమవారం. పొద్దున్నే నా బల్ల మీద ఎవరో డోనట్ పెట్టారు.

"నువ్వు చేసిన ఆన్‌లైన్ ఫారం పెట్టాక ఒక్క తప్పుల దరఖాస్తూ రాలేదు పిల్లా," అంది డార్లీన్, చలికాలంలో ఇళ్లకు పొయ్యి కట్టెలిచ్చే మా సాయం కేంద్రం పెద్ద.

తింటుండగా క్రీ ఆదివాసుల ఊరు, రిజర్వు నుంచి విల్‌ఫ్రెడ్ తాత వచ్చాడు. "అరవై ఏళ్లుగా ఉన్న ఇంటి అడ్రసు తప్పంటోంది నీ కంప్యూటరు. మరి రాత్రి నేను పడుకున్నదెక్కడమ్మా?"

చిరునామా అంకెతోనే మొదలవ్వాలని నియమం రాసింది నేనే. వాళ్ల ఊళ్లో ఇళ్లకు నంబర్లు లేవు.

"మీ ఊళ్లో మిగతావాళ్లు?" అడిగాను.

"తెర మీద 'తప్పు' అని ఎర్ర అక్షరాలు చూసి, మనకివ్వరులే అని ఊరుకున్నారు. కట్టెల్లేక చలికి కోట్లు తొడుక్కునే పడుకుంటున్నారు."

నియమం తీసేయడానికి నిమిషం పట్టింది. ఫారం వెనక్కి పంపినవాళ్ల పేర్లు మాత్రం మా దాకా రానే లేదు. వాళ్ల తెరల మీదే ఆగిపోయాయి. ఎంతమందో నాకూ తెలియదు.

రేపు పొద్దున్నే కాగితం ఫారాలతో తాత ట్రక్కెక్కి ఇంటింటికీ వెళ్తాను.