బావ ఆపించిన పరీక్ష

కొత్త మందు పరీక్షను బావ మధ్యలోనే ఆపించాడని పొద్దున్నే తెలిసింది. ఆ పరీక్షలో చేరిన మా అక్కను పోయిన నెల మింగింది ఆ మందే. తిన్నగా ఆయన ఆఫీసుకు వెళ్లి, ఆయన కుర్చీలోనే కూర్చుని, బల్లమీద కాళ్లు చాపాను.

"రండి డైరెక్టరుగారూ, కూర్చోండి. నీకు ఆ ఎలుకల గదే నయం బావా. అవి చస్తే తమ్ముళ్లు అడగడానికి రారు."

బావ నిలబడే ఉన్నాడు.

"ఎలుకల్ని కోస్తూ కోస్తూ ఇంత పెద్ద సంస్థకి పెద్దవాడివయ్యావు. పెళ్లాం పోయాక గానీ బుద్ధి రాలేదా? ఆ విషం ఇంకెంతమందికి పోద్దామనుకున్నావు?"

"విషం కాదురా. మందు పనిచేస్తోంది. అందుకే ఆపాను."

"పనిచేసేదాన్ని ఎవడైనా ఆపుతాడా? ఎవరి చెవిలో పువ్వులు పెడతావు?"

"పరీక్షలో సగంమందికే అసలు మందు. మిగతా సగానికి అదే రంగులో ఉత్త పిండి మాత్ర. ఎవరికి ఏదో కంప్యూటరు నిర్ణయిస్తుంది, పరీక్ష ముగిసేదాకా మాక్కూడా చెప్పరు. మందు తిన్నవాళ్లు కోలుకుంటున్నారని నిన్న తేలింది. ఇంక ఎవరికీ పిండి ఇవ్వకూడదు. రేపట్నుంచి అందరికీ మందే."

నేను కాళ్లు దించాను. "మరి అక్కకి?"

"పిండి."

లేచి ఆయన చొక్కా పట్టుకున్నాను. "కనిపెట్టినవాడివి నువ్వే కదరా! రెండు మాత్రలు జేబులో వేసుకుని ఇంటికి తేలేకపోయావా?"

బావ నా చేతులు విడిపించుకోలేదు.

"మీ అక్కా అదే అడిగింది. మనింటికి వేరే రూలు ఉండదన్నాను. మళ్లీ అడగలేదు."