ఫీజు లేని ప్లీడరు

“ఆ బుట్ట తీసుకుపో! దిక్కులేని వాళ్ల కోసం కోర్టే నన్ను పెట్టింది. నా ఫీజు గవర్నమెంటు ఇస్తుంది,” అని కసిరాడు ప్లీడరు సీతాపతి.

పున్నమ్మ మామిడిపళ్ల బుట్టను మళ్లీ బల్ల మీదికే తోసింది. ఆమె మొగుడు ఆగిరిపల్లి తోటలో కావలివాడు. లారీడు కాయలు దొంగిలించాడని సబ్‌జైల్లో పెట్టారు.

“ఆయన్ని లోపలేసిందీ గవర్నమెంటే, మీకు డబ్బులిచ్చేదీ గవర్నమెంటే. మరి మీరెవరి మనిషండీ?”

“నోరు జాగ్రత్త! ఇవీ ఆ తోట కాయలేనా?”

“మా పెరటి చెట్టువి. తోట ఆసామి బుట్ట పుచ్చుకున్నోళ్లే మా బుట్ట వద్దంటారు.”

సీతాపతికి ఒళ్లు మండింది. మరుక్షణమే తట్టింది. కాయల కాలంలో బుట్ట తిప్పి పంపడమంటే, నేను మీవాణ్ణి కాదని చెప్పడమే.

బుట్టలోంచి ఒక చిన్నరసం పండు తీసి, మెత్తగా పిసికి, ముచ్చిక కొరికి జుర్రాడు. నల్లకోటు మీద చారికలు కట్టాయి.

టెంక పారేసేదాకా చూసి, పున్నమ్మ లేచి తలుపు దగ్గరగా వేసింది. పొద్దుట్నుంచీ ‘మా ఆయనకేం తెలీదు’ అన్న మనిషి గొంతు తగ్గించింది.

“లారీకి గేటు తీసింది మా ఆయనేనండీ. తియ్యమంది ఆసామి కొడుకు.”