హంపమ్మ చేతికి ఊరి కరెంటు

సౌరశక్తి పాఠానికి కాగితం మీద పరీక్ష పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నేను పాఠం చెప్పే ఏడో తరగతి పిల్లలు తలా ఒకరోజు, బడి మిద్దె మీది సోలార్ పలకల్లో పుట్టే కరెంటును ఊరంతటికీ పంచాలి.

హంపమ్మ వంతు వచ్చిన రోజే మబ్బు కమ్మి, కరెంటు తగ్గిపోయింది. ఆసుపత్రిలో టీకాల ఫ్రిజ్ ఆగకూడదు. ఊళ్లో ఆ పిల్ల మొదట ఆపింది వాళ్లమ్మ పిండిమరనే.

తల్లి పిండి చేతులతోనే బడికొచ్చింది. "ఏమ్మే, ఊర్లో నా మరొక్కటే కనపడిందా నీకి?"

"ఇంకొకరిది ఆపల్లంటే ముందు మనది ఆపల్ల గదమ్మా."

తల్లి ఏదో అనబోయి పైకి చూసింది. ఆ ఉక్కపోతలో కూతురి నెత్తిమీది ఫ్యాను అంతకుముందే ఆగి ఉంది.

ఆమె కూతురి పక్కన కూర్చుని, పిండి అంటిన కొంగుతో విసరసాగింది.