పాత గేర్‌బాక్స్

రాందాస్ లివర్‌ను మరోసారి పార్క్ నుంచి కిందికి లాగాడు. రివర్స్. న్యూట్రల్. డ్రైవ్. తర్వాత కారు కిందికి దూరి చూశాడు. గేర్‌బాక్స్ కూడా సరిగ్గా డ్రైవ్‌లోనే నిలబడింది. వెంట్రుకవాసి తేడా లేదు.

పొద్దుటి నుంచి ఇది ఇరవయ్యోసారి. అయినా మళ్లీ లివర్ మీద చెయ్యి వేశాడు.

"పెళ్లిచూపుల్లో కూడా ఇన్నిసార్లు చూడరయ్యా," అన్నాడు జగన్మోహనరావు.

బోధన్ దగ్గర కాలువ కింద ముప్పై ఎకరాలు ఆయనది. ఈ కారూ ఆయనదే. ఎడమ మోకాలు మడవదు కాబట్టి క్లచ్ లేని ఆటోమేటిక్ బండే కావాలి. పాత ఇంజిన్ పోయింది. హైదరాబాద్ తుక్కు బజారు నుంచి కొత్త మోడల్ ఇంజిన్ తెప్పించి, కంఠేశ్వర్‌లోని రాందాస్ షెడ్డు ముందు దింపించాడు.

"గేర్‌బాక్స్ గూడ కొత్తదే ఏద్దాం సార్. గీ రెండు కలవయ్," అని రాందాస్ మొదటి రోజే చెప్పాడు.

"గేర్‌బాక్స్ అదే ఉండాలి. పని నువ్వే చెయ్యాలి."

రాందాస్ పాత గేర్‌బాక్స్‌నే విప్పడం మొదలుపెట్టాడు. ఆయనకు ఎదురు చెప్పే నోరు ఎనిమిదేళ్ల కిందటే పోయింది.

నెల పట్టింది. రెండింటి బోల్టు రంధ్రాలు కలవకపోతే, లేత్ దగ్గర కూర్చుని మధ్యలోకి ప్లేటు కోయించాడు. యాక్సిలరేటర్ ఎంత తొక్కారో పాత గేర్‌బాక్స్‌కు ఒక సన్నని తీగ లాగి చెప్పాలి. కొత్త ఇంజిన్‌లో ఆ తీగే లేదు, అంతా కంప్యూటరే. పెడల్‌కు చిన్న కప్పీ బిగించి తీగను దాని మీదుగా లాక్కొచ్చాడు. అన్నీ కుదిరాయి. ఒక్కటి తప్ప. డ్రైవ్‌లో పెట్టి బ్రేక్ వదిలితే పాత ఇంజిన్ మెల్లగా పాకేది. ఇది దూకుతోంది.

ఆ దూకుడు చూసిన రోజే రాందాస్ బండికి కొత్త బ్రేకులు వేశాడు.

ఎనిమిదేళ్ల కిందట, దసరాకు ముందు రోజు, ఇదే కారుకు లివర్ తీగ మార్చింది అతనే. తొందరలో తీగ చివరి పిన్ను పక్క రంధ్రంలో పెట్టాడు. అలా పెడితే లివర్ న్యూట్రల్ చూపిస్తుంది, లోపల గేర్ అంచు మీద ఉంటుంది. రేస్ చేస్తే డ్రైవ్‌లోకి జారుతుంది. బండి ఇచ్చేశాక, రాత్రి పక్క మీద ఆ సంగతి తట్టింది. తెల్లారి పానాలు పట్టుకుని బోధన్ చేరేసరికి అంతా అయిపోయింది. పండుగనాటి బండి పూజలో కొబ్బరికాయ పగలగానే ఇంజిన్ రేస్ చేసి హారన్ కొట్టడం అందరికీ అలవాటే. కాయ కొట్టింది రావు భార్య చెంచులక్ష్మి. ఆమె ప్రహరీ గోడకూ బంపర్‌కూ మధ్య నలిగిపోయింది. స్టీరింగ్ ముందు ఉన్నది రావు.

"న్యూట్రల్‌లోనే ఉందండీ, చూడండి," అని రావు పోలీసులకు లివర్ చూపించాడు. పాత బండి, ఎవరి మీదా కేసు వద్దన్నాడు. కాళ్ల మీద పడ్డ రాందాస్‌ను లేపి చెవిలో చెప్పాడు. "నువ్వు నోరెత్తకు. నేను చూసుకుంటాను."

ఊరంతా ఆయన పెద్ద మనసును మెచ్చుకుంది. రాందాస్ నోరెత్తలేదు.

ఇప్పుడు అదే వాకిలి. అదే గోడ. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. రావు స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. రెండేళ్ల కిందట చేసుకున్న భార్య కల్యాణి పళ్లెం పట్టుకుని బయటికి వచ్చింది.

"ముందు నిలబడి కాయ కొట్టు," అన్నాడు రావు.

ఆమె గోడ వైపు చూసింది. కదల్లేదు. "నాకు భయంగా ఉందండీ."

"రాందాసు ఇరవైసార్లు చూశాడు. ఇంకేం భయం?"

రాందాస్ పానా కింద పెట్టాడు. ఆమె వైపు రెండడుగులు వేశాడు. "గా కాయ ఇటియ్యి అమ్మా. నేను గొడత."

"నువ్వెందుకన్నా?"

"పని చేసినోడే కొట్టాలె. మా షెడ్డుల గదే రివాజు. నువ్వు మెట్ల మీదికి పో."

అలాంటి రివాజు ఏ షెడ్డులోనూ లేదు. రావు తాళంచెవి మీద చెయ్యి వేశాడు.

"సరే. నిలబడు."

రాందాస్ కారుకు ఎదురుగా నిలబడ్డాడు. వీపు వెనక బారెడు దూరంలో గోడ. పిన్ను సరిగ్గా ఉంది. తీగ సరిగ్గా ఉంది. బ్రేకులు కొత్తవి. అవన్నీ తన చేతులతో బిగించినవే. అయినా వెనక్కి తిరిగి గోడ దూరం మరోసారి చూసుకున్నాడు. చెమటకు కాయ చేతిలోంచి జారుతోంది.

ఇంజిన్ స్టార్టయింది. మెట్ల మీది కల్యాణికి వినబడనంత మెల్లగా, రావు కిటికీలోంచి తల బయట పెట్టి అడిగాడు.

"ఆ దసరా ముందు రాత్రి నాకు ఫోన్ చేసి, నువ్వొచ్చి పిన్ను మార్చేదాకా బండి ముందు ఎవరినీ నిలబెట్టొద్దని చెప్పావు కదా, ఈసారి చెప్పలేదేం రాందాసూ?"