గిరాకీ లేని ఊళ్ళు

“ఈ కొండ ఊళ్ళ గీత వచ్చే ఇరవై ఏళ్ళదాకా లేవనే లేదేంటి సార్?”

కరెంటు అంచనాల ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి కంప్యూటర్ తెర మీది గ్రాఫు చూపిస్తూ అడిగింది. కొత్త లైన్లు ఎక్కడ వెయ్యాలో మంత్రిగారు తేల్చేది ఈ రిపోర్టు చూసే. డైరెక్టరు శాలువా బిగించి కప్పుకున్నాడు. గదిలో ఏసీ ఎముకలు కొరుకుతోంది.

“అక్కడ గిరాకీ లేదమ్మా.”

“లైనే లేదు కదా సార్, గిరాకీ ఎక్కణ్ణించి వస్తుంది?”

“గిరాకీ లేందే లైను ఎలా వేస్తారు?”

ఆయన వేళాకోళం ఆడటం లేదు. నిజంగానే అడుగుతున్నాడు. ఆమెకి ఒళ్ళు మండింది.

“మా పిన్ని అక్కడ నర్సు సార్. సెల్‌ఫోను పళ్ళతో పట్టుకుని, ఆ లైటులో కాన్పులు చేస్తోంది. అది అవసరం కాదా?”

“పాపం, అవసరమే. కానీ మీటరెక్కదుగా! మనం లెక్కేసేది మీటరెక్కిందే.” గట్టిగా తుమ్మాడు. “ఈ ఏసీ చంపేస్తోంది. కాస్త తగ్గించు.”

“రిమోటు పోయి నెలైంది సార్. గోడ మీద స్విచ్చు కూడా పనిచెయ్యదు.”

“అయితే ఓ హీటరు పెట్టించు.”

హాస్యమనుకుంది. ఆయన అప్పటికే ఫోనందుకుని హీటరు పంపమంటున్నాడు.



“హీటరు మీటరెక్కుతుందా సార్?”

“ఎక్కకేం!” ముక్కు తుడుచుకున్న రుమాలుతోనే నగరం గీత చూపించాడు. అది నిట్టనిలువుగా లేచి ఉంది. “చూశావా, ఇక్కడ అవసరాలు ఎలా పెరిగిపోతున్నాయో!”