బ్రహ్మదండి వేరు

తన పిల్ల పాదాల్లో ముళ్లు దిగుతున్నాయని కుందేలమ్మ బొరియ చుట్టూ ఉన్న బ్రహ్మదండి మొక్కలన్నీ పీకేసింది. "దాని వేరు జ్వరానికి మందు, ఉండనివ్వవే" అని ముసలి తాబేలు మొత్తుకున్నా వినలేదు.

వానలు పడ్డాక పిల్లకు దగ్గు పట్టుకుంది, ఒళ్లు కాలిపోయింది. కుందేలమ్మ ఏడుస్తూ తాబేలు దగ్గరికి పరుగెత్తింది.

"వాగవతల గట్టు మీద ఒకటో రెండో ఉంటాయేమో చూడు తల్లీ" అంది తాబేలు.

వాగు ఈది, మూతి చీరుకుపోతున్నా మట్టి తవ్వి, వేరు కరుచుకొచ్చేసరికి పిల్ల ఒళ్లు చల్లబడిపోయింది.

కుందేలమ్మ చాలాసేపు కదలని పిల్లను నాకుతూనే కూర్చుంది. పక్క బొరియలోంచి ఇంకో పిల్ల దగ్గు వినిపించింది. లేచి వెళ్లి, వేరు ఆ తల్లి ముందు పెట్టింది.

"మరి నీ పిల్లకో, వదినా?"

"దానికిక అక్కర్లేదు. నమిలి రసం పట్టు, ఆలస్యం చెయ్యకు."